రోడ్డుకు అవతలి పక్క

ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఒకటే గొడవ. మా అమ్మకు సైకిల్ స్టాండ్లు తెలుసా, తెలియవా? తెలుసని అమ్మ. తెలిస్తే చెప్పమని నేను. చెబుతున్నాను కదా అని అమ్మ. అలా చెబితే కుదరదని నేను. మధ్యలో కుట్టుమిషను ముందు కూర్చుని నాన్న, "మీ ఇద్దరి గోలకి నా దారం తెగిపోతోంది" అనేవారు. దారం తెగినప్పుడల్లా మిషను ఆగేది. మిషను ఆగినప్పుడల్లా మా అరుపులు వీధిలోకి వినపడేవి.

మా ఊళ్లో అద్దె సైకిళ్ల స్టాండ్లు నూట పన్నెండు. ఫోన్‌లో అంకెలు నొక్కితే తాళం వదులుతుంది. ఎక్కి తొక్కుకుంటూ పోయి, పనయ్యాక ఇంకో స్టాండులో పెట్టేయొచ్చు. ఆ సైకిళ్లను తుడిచి, తాళాలకు నూనె వేసి, చక్రాల్లో గాలి చూసే పనిలో మా అమ్మ పదకొండేళ్లుగా ఉంది. అదే కంపెనీ ఆఫీసులో ఆ ఏడు ఎండాకాలం చివర్లో నేను చేరాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే మొదలు. ఆర్నెల్ల కాంట్రాక్టు. వానలు వెనకబట్టేసరికి పని బాగుందనిపిస్తే పర్మినెంట్ చేస్తామన్నారు.

చేరిన రోజే అమ్మ షరతు పెట్టింది.

"ఆఫీసులో నన్ను అమ్మా అని పిలవకు. ఎదురుపడినా పలకరించకు."

"ఎందుకు? దొంగతనం చేశామా?"

"తుడిచే ఆవిడ కూతురట అని ఒకళ్లంటారు. తల్లిని చూసి ఇచ్చారట అని ఇంకొకళ్లంటారు. నీ ఉద్యోగం నీ చదువుకొచ్చింది. దాని మీద నా మరక పడకూడదు."

నాకు ఒళ్లు మండింది కానీ ఊరుకున్నాను. తుడిచేవాళ్లు షెడ్డులో వ్యాన్ ఎక్కి షెడ్డులో దిగుతారు, ఆఫీసు మెట్లెక్కరు. కాబట్టి పెద్ద ఇబ్బంది రాలేదు, వానలు మొదలయ్యేదాకా.

మా పై అధికారిని వెనకాల అందరూ రేపు సార్ అనేవాళ్లు. ఆయన మనకు చెప్పిన పని ఏదైనా రేపటికల్లా అయిపోవాలి. ఆయన చేయాల్సిన పని ఏదైనా రేపు చూద్దాం. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఆ ఒక్క మాట చేతిలో పెట్టుకుని ఆఫీసంతటినీ నడిపేవారు.

తొలకరి పడిన వారానికే ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది. చెయిను ఊడిందనో, సీటు చిరిగిందనో జనం ఫిర్యాదు చేసేటప్పుడు ఫొటో తీసి పంపుతారు. స్టాండు నంబరు రాయమంటే నూటికి ఒక్కరు కూడా రాయరు. ఫొటోలో ఓ గోడ ముక్క ఉంటుంది, ఓ చెట్టు కొమ్మ, సగం తెగిపోయిన షాపు బోర్డు. చుట్టుపక్కల ఉన్నది చూసి అది ఏ స్టాండో మనమే పోల్చుకోవాలి. ఇక మీదట ఆ ఫొటో నేరుగా తుడిచేవాళ్ల ఫోన్లకూ డ్రైవర్ల ఫోన్లకూ పోతుంది, చూడగానే వాళ్లు ఏ నంబరో చెప్పి అక్కడికి పరిగెత్తాలి. అది వాళ్లకు వచ్చో రాదో తేల్చడానికి పరీక్ష. అరవై ఫొటోలు, ఒక్కోదానికి పది సెకన్లు, నలభై అయిదు సరిగ్గా చెప్పాలి. రెండుసార్లు తప్పినవాళ్లకు పని ఉండదు.

నూట పన్నెండు స్టాండ్లకూ ఫొటోలు తీసే పని నాది. జనం తీసినట్టే రోడ్డు మీద నుంచి తీయాలి, నంబరు బోర్డు మాత్రం పడకూడదు, మనుషులు అసలే పడకూడదు. నాలుగు రోజులు గడువిచ్చారు. రేపటికల్లా అననందుకు సంతోషించాను.

ఆ నాలుగు రోజులూ ఒకటే ముసురు. గొడుగు కర్రను మెడకూ భుజానికీ మధ్య ఇరికించి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రోడ్డుకు అవతలి పక్క నిలబడి తీశాను. బస్సు అడ్డం వచ్చేది, బస్సు పోతే లారీ వచ్చేది, రెండూ పోతే ఎవరో ఒకరు సైకిల్ కోసం వచ్చి బేరమాడుతున్నట్టు పది సైకిళ్లూ నొక్కి చూసేవారు. మూడో రోజు ఒక స్టాండులో మా కంపెనీ ఆకుపచ్చ రెయిన్‌కోటు మనిషి ఒకరు సరిగ్గా నడుమ నిలబడి తుడుస్తున్నారు. ఆ కోటు తొడిగి టోపీ ముందుకు లాక్కుంటే తుడిచేవాళ్లు నలభై మందీ ఒకేలా ఉంటారు. నా వెనక ఏదో గేటు లోంచి కుక్కలు చెవులు చిల్లులు పడేలా మొరుగుతున్నాయి. గొడుగు కిందనుంచి జరగండి, జరగండి అని చెయ్యి ఊపాను. ఆ మనిషి కాస్త జరిగింది. ఇంకా ఊపాను. ఇంకాస్త జరిగి ఆగిపోయింది. ఎంత ఊపినా కదలదు. ఇక ఓపిక లేక, సగం మనిషి పడినా సరేననుకుని కొట్టేశాను.

ఫొటోలను అట్టల మీద ప్రింటు వేయించి అందరికీ ఒక్కో కట్ట ఇవ్వాలి, చూసి నేర్చుకోవడానికి. రేపు సార్ సంతకం రేపు రేపు అంటూ ఆలస్యమై, అట్టలు వచ్చేసరికి మొదటి పరీక్ష అయిపోయింది.

పరీక్ష షెడ్డులో పెట్టారు. గోడ మీద ఫొటోలు వేసే మిషను దగ్గర నేను. మూడో బెంచీలో, చివర, మా అమ్మ. నా వైపు చూసింది, బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు. ఫొటోలు ఒకటొకటే వేశాను. డ్రైవర్లు కాలు మీద కాలేసుకుని రాసేశారు. అమ్మ పెన్ను చివర కొరుకుతూ గోడను చూస్తోంది.

కాగితాలు దిద్దడం కూడా నా పనే. అమ్మను రోజూ వ్యాన్‌లో తీసుకుపోయే పొట్టి డ్రైవరుకు యాభై ఎనిమిది. మా అమ్మకు పంతొమ్మిది. తప్పు దిద్దానేమోనని మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ పంతొమ్మిదే.

రేపు సార్ జాబితా చూసి నొసలు ముడిచారు. "ఎనిమిది మంది తప్పారు. ఈవిడెవరమ్మా, పదకొండేళ్ల సర్వీసుకి పంతొమ్మిదా? పనికి పోతోందా, వ్యాన్‌లో పడుకుంటోందా?"

"కనుక్కుంటాను సార్" అన్నాను. తప్పిన ఎనిమిది మందీ తుడిచేవాళ్లే, ఒక్క డ్రైవరూ లేడు; నెగ్గిన తుడిచేవాళ్లవీ అత్తెసరు మార్కులే. అదేమిటని అప్పుడే అనుకోవాల్సింది. అనుకోలేదు.

"రెండోది మూడు వారాల్లో. ఈసారి నా ఎదురుగా, నోటితో చెప్పాలి. తప్పితే కొత్తవాళ్లని చూసుకుందాం. ఆ నోటీసు రేపటికల్లా పెట్టు."

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ తల తుడుచుకుంటోంది.

"పంతొమ్మిదేంటమ్మా!"

"తీసినావిడని అడుగు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. సైకిళ్లు, గోడ. సైకిళ్లు, గోడ."

"నేనే తీశాను!"

"తెలుసు. అందుకే అక్కడేం అనలేదు."

మిషను తొక్కడం ఆపి నాన్న అన్నారు, "పోనీ, ఆ పంతొమ్మిదయినా ఎలా వచ్చాయి?"

"మనింటి చుట్టుపక్కలవి కొన్ని. మిగతావి ఏదో ఒక నంబరు వేశాను" అంది అమ్మ, సిగ్గు లేకుండా.

మర్నాటి నుంచి పాఠాలు. భోజనాలయ్యాక అట్టలు నేల మీద పరిచి కూర్చునేదాన్ని. కాలేజీలో చేరినప్పుడు అమ్మ నన్ను తెల్లవారుజామున లేపి, నేను చదువుతున్నంతసేపూ ఎదురుగా కునికిపాట్లు పడుతూ కూర్చునేది. ఇప్పుడు నా వంతు అనుకున్నాను. కానీ నేను అంత మొండి విద్యార్థిని కాను.

"ఇదేంటి?"

"గోడ."

"గోడని నాకూ తెలుసు. ఏ స్టాండు?"

"గోడ లేని స్టాండు ఒకటి చూపించు, చెప్తాను."

"పక్కన కరెంటు పెట్టె ఉంది చూడు. పైన రేకులున్నాయి. విరిగిన కుళాయి ఉంది. ఇన్ని గుర్తులుంటే ఇంకేం కావాలి నీకు?"

"ఆ కుళాయి నేనెప్పుడూ చూడలేదు."

"నువ్వు వారానికి రెండుసార్లు అక్కడే తుడుస్తావు!"

"అక్కడ తుడుస్తాను. కుళాయిని తుడవను కదా."

ఒక రోజు అట్టలు పక్కకు తోసేశాను. "సరే, ఇవాళ ఎక్కడెక్కడికి వెళ్లావో అదయినా చెప్పు."

అమ్మ మొహం వెలిగింది. "పొద్దున్నే ఆగిపోయిన గడియారం. తర్వాత మూడు కుక్కలు. ఆ తర్వాత పాటల మాస్టారు. మధ్యాహ్నం తిట్టుకునే మొగుడూ పెళ్లాలు. పాపం, ఇవాళ ఆవిడ ఒక్కతే బట్టలారేసుకుంటోంది, ఆయన కనపడలేదు."

"ఇవి స్టాండ్ల పేర్లా?"

"కాకపోతే? మొగుడూ పెళ్లాల దగ్గర ఎనిమిది సైకిళ్లు. నాలుగో తాళం బిగువు, వాన పడితే అసలే రాదు. గడియారం దగ్గర పన్నెండు. చివరి రెండూ ఎండకి సీట్లు పగిలాయి, మార్చమని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. మీ ఆఫీసులో ఎవరికైనా తెలుసా ఆ సంగతి?"

"నంబరు కావాలమ్మా. ప్రతి స్టాండుకీ బోర్డు మీద ఇంత లావున నంబరు ఉంటుంది కదా!"

"బోర్డు మీద తుప్పు ఉంటుంది. నంబరెక్కడుంది?"

వేళాకోళమాడుతోందనుకున్నాను. విసురుగా లేచాను. నా కాలు తగిలి అట్టలు చెల్లాచెదురై, రెండు మూడు నాన్న మిషను కిందికి పోయాయి. వంగి తీశారాయన. ఒకటి చేతిలో పెట్టుకుని కళ్లజోడు సర్దుకున్నారు.

"ఈ అతుకు నాదే."

"ఏ అతుకు?"

"మోచేతి దగ్గర. నీలం మీద తెల్ల చుక్కలు. నీ కాలేజీ గొడుగు విరిగిపోతే దాని గుడ్డ కత్తిరించి మీ అమ్మ రెయిన్‌కోటుకి వేశాను. లోపల మడిచి రెండు వరసలు కుట్టాను. ఇలా ఇంకెవరు వేస్తారు?"

అది సగం మనిషి పడిన ఫొటో. టోపీ మొహం మీదికి దిగి ఉంది, గడ్డం కూడా కనిపించదు. చెయ్యి మాత్రం సీటు మీద చాచి ఉంది, మోచేతి దగ్గర చిన్న నీలం చదరం.

అమ్మ అట్ట లాక్కుని దీపం కిందికి వెళ్లింది. "ఇది మూడు కుక్కల దగ్గర. ఆ రోజు నాకు బాగా గుర్తు. రోడ్డవతల ఎవరో పిల్ల, గొడుగు మొహం మీదికి వేసుకుని, ఊరికే చెయ్యి ఊపుతోంది జరగమని. పోనీలే పాపం అని జరిగాను. అయినా ఊపుతుంది. ఇంకెక్కడికి జరగనమ్మా, పక్కన కాలవ ఉంది, అందులో దూకమంటావా అని..."

అక్కడ ఆగింది.

నాన్న అట్ట వైపూ నా వైపూ చూశారు.

"ఆ పిల్లవి నువ్వేనటే?" అంది అమ్మ.

నాన్నకు నవ్వు ముంచుకొచ్చి దగ్గు పట్టుకుంది. ఆయన వీపు తడుతూ అమ్మ కూడా నవ్వింది, కళ్ల నీళ్లు వచ్చేదాకా. "తల్లిని కాలవలో తోద్దామనుకున్నావ్! డిగ్రీ చదివిందండీ మీ కూతురు!"

నాకు నవ్వు రాలేదు. ఆ అట్ట తీసుకుని మళ్లీ చూశాను. ఇంకో సంగతి తోచింది.

"నన్ను చూశావంటే నువ్వు రోడ్డు వైపు తిరిగి ఉన్నావన్నమాట."

"మరెటు తిరుగుతాను? తాళాలు గోడ వైపుంటాయి. గోడకి వీపు ఆనించి నిలబడితేనే చెయ్యి అందుతుంది."

"వ్యాన్‌లోంచి దిగేటప్పుడు?"

"వ్యాన్ వెనక కిటికీలెక్కడున్నాయి? సైకిళ్ల మధ్య కూర్చుంటాను. తలుపు ఫుట్‌పాత్ మీదికి తెరుస్తాడు. దిగితే గోడ, తిరిగితే రోడ్డు. నన్ను దింపి డ్రైవరు ఇంకోచోటికి పోతాడు, గంటకి వస్తాడు. ఆ గంటా ఎదురుగా ఉన్నవే చూస్తాను. గడియారం, కుక్కలు, మాస్టారు."

"అంటే పదకొండేళ్లలో ఒక్క స్టాండునయినా అవతల నుంచి చూడలేదా నువ్వు?"

"ఎందుకు చూడాలి? అవతల నాకేం పని?"

నంబరు బోర్డు రోడ్డు వైపు తిరిగి ఉంటుంది. ఇవతలి పక్క దాని మీద ఉండేది తుప్పే. వారం రోజులుగా ఆమె నాతో వేళాకోళమాడలేదు.

మర్నాడు రేపు సార్ బల్ల ముందు నిలబడ్డాను. తుడిచేవాళ్లు స్టాండులోంచి బయటికి చూస్తారని, మన ఫొటోలు బయటినుంచి లోపలికి తీసినవని, పరీక్షకు ఫొటోలు మార్చాలని చెప్పాను. ఆయన సాంతం విన్నారు.

"జనం ఎక్కణ్ణుంచి తీస్తారమ్మా?"

"రోడ్డు మీద నుంచి సార్."

"మరి వాళ్లు పంపింది చూసి పోల్చుకోవాలా, వద్దా?"

"పోల్చుకోవాలి సార్."

"అయితే?"

ఆయన మాటలో తప్పు లేదు. అదే నా మంట. "మార్చే సంగతి రేపు చూద్దాం" అన్నారు. ఇక అది జరగదని అర్థమైంది.

షెడ్డు గోడకు ఒక కాగితం అంటించాను. తుడిచేవాళ్లందరూ ప్రతి స్టాండులో పని అయ్యాక రోడ్డు దాటి, అవతలి పక్క ఒక్క నిమిషం నిలబడి వెనక్కి చూసుకోవాలి అని. మా అమ్మ ఒక్కదానికే చెప్పడం న్యాయం కాదనిపించింది. పొట్టి డ్రైవరు సణిగాడట: "అక్కా, ఒక్కో చోట ఒక్కో నిమిషమంటే నా వ్యాన్ ఎప్పటికి తిరగాలి? ఇంతకాలం కళ్లు మూసుకుని తుడిచావా ఏంటి?" అమ్మ ఏమందో తెలియదు కానీ మూడు రోజులు వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఒక్క నిమిషంతో అమ్మకు సరిపోలేదు. సాయంత్రాలూ ఆదివారాలూ నేనే వెంట తీసుకెళ్లాను. వానలో, ఒకే గొడుగు కింద, స్టాండు తర్వాత స్టాండు. ఆ తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్లు లాగుతాయి. ప్రతి చోటా ముందు లోపలికి దూరి సీట్లు నొక్కి చూసేది.

"తుడవడానికి రాలేదమ్మా! ఇవాళ సెలవు!"

"ఊరికే చూస్తున్నాను. అదిగో, ఆ బోల్టు చూడు, పొద్దున్న బిగించాను, మళ్లీ వదులైంది."

"రోడ్డు దాటు."

"బండి వస్తోంది."

"పోయింది. దాటు."

"ఇంకోటి వస్తోంది. నీకేం, కుర్రకాళ్లు."

దాటాక ఇంకో తంటా. అవతలికి పోగానే స్టాండుకు వీపు పెట్టేది. పాటల మాస్టారి వీధిలో మరీను. మేడ మీది కిటికీ కింద నిలబడి తల వెనక్కి వంచి, "ఇక్కణ్ణుంచి కిటికీయే కనపడట్లేదేమిటే! పాట కూడా సరిగ్గా వినపడదు. మాస్టారు ఆ మూలన కూర్చుంటాడు, పిల్లలు తప్పు పాడితే తల ఇలా కొట్టుకుంటాడు. ఇంత దగ్గరికొస్తే ఏమీ లేదిక్కడ" అని అక్కణ్ణుంచే అరిచింది, ఎవరో తన సొమ్ము ఎత్తుకుపోయినట్టు.

"అమ్మా, ఇటు తిరుగు. కిటికీ కాదు, ఇటు. నావైపు చూడు!"

నేను రోడ్డుకు ఇవతల స్టాండులోనే ఉన్నాను. అలా అరుస్తుంటే గొంతు పోతోంది. చూపిస్తే తప్ప ఈవిడకు ఎక్కదని, ఆమె అలవాటుగా వెంట తెచ్చి స్టాండులో వదిలి వెళ్లిన పని సంచిలోంచి గుడ్డ తీసి, గోడకు వీపు ఆనించి, ఒక సీటు మీదికి వంగి తుడవడం మొదలుపెట్టాను. చూడు, నువ్వు ఇక్కడ ఉంటావు, నీ తల పక్కన కరెంటు పెట్టె, నీ పైన రేకులు, నీ కాళ్ల దగ్గర కుళాయి. అదే చెప్పాలనుకున్నాను.

"ఆపు!"

తలెత్తి చూశాను. అమ్మ రోడ్డు అంచుకు వచ్చేసింది. గొడుగు పక్కకు వాలిపోయింది, వాన మొహాన పడుతోంది.

"ఆ గుడ్డ అక్కడ పెట్టు! బయటికి రా అక్కణ్ణుంచి!"

నడిచిపోయేవాళ్లు ఆగి చూశారు. అంత గట్టిగా ఆమె నన్ను చిన్నప్పుడు కూడా కేకలేయలేదు. గుడ్డ సంచిలో పెట్టి రోడ్డు దాటి వెళ్లాను. ఏదో అనబోతే నా చెయ్యి పట్టుకుని, దానికి అంటిన నూనె తన కొంగుతో తుడిచింది, వేళ్ల సందుల్లో కూడా. తర్వాత గొడుగు నా మీదికి జరిపి, స్టాండు వైపు తిరిగి నిలబడింది. చాలాసేపు చూసింది.

"ముప్పై ఒకటి" అంది. "పైన రేకులు, కుడి పక్క కరెంటు పెట్టె, కింద విరిగిన కుళాయి. గుర్తుంది. పద, తర్వాతది."

ఆ రోజు నుంచి అమ్మ వాదించలేదు. రోడ్డు దాటమంటే దాటేది. తిరగమంటే తిరిగేది. ఆమె ఎదురు చెప్పకపోవడం నాకు ఇంకా చిరాగ్గా ఉండేది.

రెండో పరీక్ష రోజు షెడ్డు రేకుల మీద వాన హోరు. మార్కులు వేసే పని నాకొద్దని ముందే అడిగి స్టోరు గుమాస్తాకు అప్పగించాను. ఎందుకని రేపు సార్ అడిగితే, మిషను దగ్గర ఉండాలి కదా సార్ అన్నాను. ఆయన నా పక్కనే కుర్చీ వేసుకుని, ఒక్కొక్కరికీ వేయాల్సిన అరవై నంబర్లు అప్పటికప్పుడు ఆయనే ఏరి నాకు రాసిచ్చారు.

అమ్మ మూడోది. రెయిన్‌కోటు తీసి మడిచి చంకలో పెట్టుకుని గోడ ముందు నిలబడింది.

"ఎనభై రెండు" అంది. "పద్నాలుగు. తొమ్మిది. నూట నాలుగు. ముప్పై ఒకటి." నేను వేయడమే ఆలస్యం. వెనక బెంచీలో పొట్టి డ్రైవరు పక్కవాడి చెవిలో ఏదో చెబుతూ ఆగిపోయాడు. నలభైకి రెండే తప్పులు. నలభై ఒకటోది వేయగానే సార్ కుర్చీలో ముందుకు జరిగారు.

"ఇదేంటమ్మా, ఫొటోలో మనిషి? మనుషులు పడకూడదన్నానా లేదా? సగం స్టాండు కనపడటమే లేదు."

"మారుస్తాను సార్" అన్నాను.

"యాభై ఏడు" అంది అమ్మ.

"అంత తొందరగా ఎలా చెప్పావమ్మా? ఏమీ కనపడట్లేదు కదా."

"ఆ అడ్డం ఉన్నది నేనే సార్."

షెడ్డంతా గొల్లుమంది. సార్ కూడా నవ్వు ఆపుకుంటూ, "నువ్వే అయితే పక్కకి జరగొద్దా?" అన్నారు.

"జరిగాను సార్. మా అమ్మాయే ఇంకా జరగమంటుంది. పక్కన కాలవ ఉంది, ఎక్కడికి జరగను?"

నవ్వులు ఆగాయి.

"ఏ అమ్మాయి?" అన్నారు సార్.

నోరు జారిందో, జారనిచ్చిందో ఇప్పటికీ అడగలేదు. ఆమె నా వైపు చూసింది, బస్సులో మనిషిని చూసినట్టు కాదు, ఇంట్లో చూసినట్టు.

"ఈ అమ్మాయే సార్."

నా వేలు మీట మీదే ఉంది. తర్వాతి ఫొటో వేయాలని తెలుసు. వేలు కదలలేదు.

"పది సెకన్లు అయిపోతున్నాయి సార్" అంది అమ్మ. "తర్వాతది వేయమనండి."

గుమాస్తా లెక్క ప్రకారం యాభై మూడు. సార్ కాగితం తనే తీసుకుని ఇంకోసారి కూడారు. అప్పుడూ యాభై మూడే. ఎనిమిది మందిలో ఆరుగురు నెగ్గారు. నెగ్గని ఇద్దరిలో ఒకావిడకు ఎదురుగా ఉన్న అంకెలే ఆనడం లేదని అప్పుడు బయటపడింది. ఆమెకు కళ్లజోడు వచ్చాక మళ్లీ పరీక్ష పెట్టాలని అర్జీ రాసి ఇచ్చాను. ఇంకొకాయన చెప్పాపెట్టకుండా మానేశాడు. అతని గురించి నాకు ఏం చేయాలో తోచలేదు.

"ముందే చెప్పొద్దా?" అన్నారు సార్, అందరూ వెళ్లాక.

"చెప్పొద్దని మా అమ్మ చెప్పింది సార్."

తల గోక్కున్నారు. "నీ పర్మినెంట్ సంగతి... రేపు చూద్దాం." ఆ రేపు వానలు వెనకబట్టాక, చలి మొదలయ్యాక వచ్చింది. వచ్చింది కాబట్టి ఆయన మీద నాకు కోపం లేదు.

"ఆ యాభై ఏడో ఫొటో మాత్రం మార్చు. రేపటికల్లా."

మర్నాడు ఆదివారం. అమ్మను తీసుకుని వెళ్లాను. కుక్కలు గేటు మీదికి ఎగబడి మొరుగుతుంటే అమ్మ వాటితో, "నేనే, నేనే, ఇవాళ ఇటు వచ్చాను" అంది. ఎరిగినట్టు నోరు మూశాయి. ఫోన్ ఎలా పట్టుకోవాలో, ఎక్కడ నొక్కాలో చూపించి, "ఈసారి నువ్వే తియ్యి" అన్నాను. స్టాండులో రెండు సైకిళ్లు పక్కకు ఒరిగి ఉన్నాయి, అవి సరిచేయడానికి రోడ్డు దాటి వెళ్లాను. వాటి సీట్లు తడిగా ఉన్నాయి. జేబులో రుమాలు ఉంది. గోడకు వీపు ఆనించి తుడిచాను.

తలెత్తితే రోడ్డవతల గొడుగు ఒకటి. గొడుగు కింద మొహం కనపడదు. చెయ్యి ఒక్కటే కనపడుతోంది, జరుగు, జరుగు అని ఊపుతూ.

నేను జరగలేదు.

ఇంకా ఊపింది. నేను రెండో సీటు తుడిచాను. కాసేపటికి ఆమెకూ ఓపిక పోయినట్టుంది, కొట్టేసింది.

ఆ ఫొటో మార్చమని రేపు సార్ ఇప్పటికీ అంటూనే ఉన్నారు. రేపు మారుస్తాను సార్ అంటాను.